నిజాం బంగారం, పాలకూర ఇనుము

1965లో పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసేసరికి దేశ ఖజానా ఖాళీ అయింది. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి హైదరాబాదు వచ్చి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను సాయం అడిగారు. నిజాం వెనకా ముందూ చూడకుండా అయిదు వేల కిలోల బంగారాన్ని రక్షణ నిధికి విరాళంగా ఇచ్చేశారు. ఇనుప పెట్టెలను విమానంలోకి ఎక్కిస్తుంటే మాత్రం ఒక్క మాట అన్నారట: ‘నేను ఇచ్చింది బంగారం. పెట్టెలు తిరిగి పంపించండి.’

హైదరాబాదులో కొంతకాలం ఉన్నవాళ్లెవరికైనా ఈ కథ చెవిన పడే ఉంటుంది. నిజాంను అభిమానించేవాళ్లు దీన్ని ఆయన దేశభక్తికి సాక్ష్యంగా చెబుతారు. గిట్టనివాళ్లు చివరి పెట్టెల ముక్కను పట్టుకుని పిసినారితనానికి సాక్ష్యంగా చెబుతారు. రెండు వర్గాలకూ పనికొచ్చే కథ కాబట్టి దీన్ని ఆపేవాళ్లు లేకపోయారు.

కాగితాల మీద ఉన్నది వేరు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ప్రధాని కార్యాలయం అధీనంలోని జాతీయ రక్షణ నిధి తమ దగ్గర అలాంటి విరాళం గురించి సమాచారమే లేదని జవాబిచ్చింది. 1965 డిసెంబరు నాటి పత్రికా వార్త ప్రకారం నిజాం 4.25 లక్షల గ్రాముల బంగారాన్ని, అంటే 425 కిలోలను, ప్రభుత్వ గోల్డ్ బాండ్లలో పెట్టారు. అది పెట్టుబడి. దాని మీద వడ్డీ వస్తుంది, గడువు తీరాక అసలు చేతికొస్తుంది.

అయితే ‘అబద్ధం తేలిపోయింది’ అని చేతులు దులుపుకుని వెళ్లిపోయేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 425 కిలోలు చిన్న మొత్తమా? ఆ బంగారంలో పాత మొహరీలు, అంటే పాతకాలపు బంగారు నాణేలు, ఉన్నాయని, వాటిని కరిగించకుండా విదేశాలకు పంపితే ఎక్కువ ధర పలుకుతుందని శాస్త్రి అన్నట్టు అప్పటి వార్తలోనే ఉంది. అసలు ప్రభుత్వం ప్రజల ఇళ్లలోని బంగారాన్ని బాండ్ల రూపంలో ఎందుకు అడగాల్సి వచ్చింది? 1948లో తన రాజ్యాన్ని సైన్యంతో కలుపుకున్న ప్రభుత్వానికి పదిహేడేళ్ల తరువాత అదే నిజాం ఇంత బంగారం ఏ నమ్మకంతో అప్పగించారు? అది భక్తా, లౌక్యమా, రెండూనా? అయిదు వేల కిలోల కథలో ఈ ప్రశ్నలు పుట్టే చోటే లేదు. 1962 చైనా యుద్ధం నాడు స్త్రీలు ఒంటి మీది నగలు తీసి రక్షణ నిధికి ఇచ్చారు. ఆ విరాళాల జ్ఞాపకమూ ఈ బాండ్ల వార్తా జనం మనసులో కలిసిపోయి ఉంటాయని నా ఊహ. ‘బాండ్లు’ అనే చిన్న మాట రాలిపోయింది, ఆ ఖాళీలోకి ‘విరాళం’ వచ్చి కూర్చుంది.

వింత విషయం ఏది విన్నా మనం అడిగేది ఒకే ప్రశ్న: నిజమా, అబద్ధమా? ఆ ప్రశ్నతో నాకు తృప్తి లేదు. ఈ వాక్యం నా దాకా వచ్చేలోగా ఇందులోంచి ఏం రాలిపోయింది అని అడిగితే చాలాసార్లు ఎక్కువ దక్కుతుంది. రాలిపోయిన ముక్కే అసలు విషయం కన్నా వింతగా ఉండడం నేను మళ్లీ మళ్లీ గమనించాను.

నిజాం వంశానిదే ఇంకొకటి చూడండి. ‘ఏడో నిజాం వజ్రాన్ని పేపర్‌వెయిట్‌గా వాడేవారు.’ ఇది క్విజ్ పుస్తకాలన్నింటిలోనూ ఉంటుంది. వజ్రం నిజం. పేరు జేకబ్ వజ్రం, బరువు 184.75 క్యారట్లు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలను కొన్నప్పుడు వాటితో పాటు ఇదీ వచ్చింది, రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం బారులు తీరారు. ఏడో నిజాం తండ్రి పోయాక చౌమహల్లా ప్యాలెస్‌లో ఆయన పాత బూటు ముందు భాగంలో గుడ్డలో చుట్టిన రాయి దొరికిందని, దాన్ని కొడుకు బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నారని చెబుతారు. ఈ ముక్కకు ఆధారం మనుషుల నోటి మాట. నేను కాదనను.

మరి అంత ఖరీదైన రాయి బూటులోకి ఎందుకు వెళ్లింది? క్విజ్ పుస్తకం అక్కడ ఆగిపోతుంది, కథ అక్కడే మొదలవుతుంది. 1891లో సిమ్లా నగల వ్యాపారి అలెగ్జాండర్ జేకబ్ ఈ వజ్రాన్ని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అమ్మజూపాడు. 23 లక్షల రూపాయలు ముందుగా అతనికి ముట్టాయి. తరువాత నిజాం వద్దన్నారు, జేకబ్ డబ్బు తిరిగి ఇవ్వలేదు. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు క్రిమినల్ కేసుగా ఎక్కింది. సింహాసనం మీద ఉన్న నిజాం ఒక నగల వర్తకుడి కేసులో కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు, కానీ దివాలా తీశాడు. నిజాంకు రాయి మిగిలింది, దాన్ని చూస్తే పరువు పోయిన సంగతి గుర్తుకు రావడమూ మిగిలింది. బూటు ఆ తరువాతి మాట. ఒక బ్రిటిష్ ఇండియా కోర్టు, ఒక సంస్థానాధీశుడు, ఒక వ్యాపారి కలిసి నడిపిన ఇంత నాటకాన్ని పక్కన పడేసి మనం పేపర్‌వెయిట్‌ను పట్టుకుని ఆశ్చర్యపోతున్నాం.

దీని పక్కన రోల్స్ రాయిస్ కథ పెడితే తేడా తెలుస్తుంది. లండన్ షోరూములో మామూలు బట్టల్లో ఉన్న మహారాజును గుమాస్తా చిన్నచూపు చూశాడు. రాజు కోపంతో కార్లన్నీ కొనేసి, ఊరికి తెచ్చి చెత్త ఎత్తడానికి పెట్టాడు. కంపెనీ కాళ్లబేరానికి వచ్చింది. ఎవరా రాజు? అల్వార్ జైసింగ్ అంటారు. భరత్‌పూర్ రాజు అంటారు. పటియాలా మహారాజు అంటారు. మన దగ్గర చెప్పేటప్పుడు నిజాం అంటారు. ఏ పేరు పెట్టినా కథ చెక్కుచెదరదు. జేకబ్ వజ్రం కథలో అలా పేరు మార్చి చూడండి, ముక్క కూడా నిలవదు: ఆ వ్యాపారి, ఆ సంవత్సరం, ఆ కోర్టు, ఆ 23 లక్షలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. కోటల సొరంగాల ముచ్చట కూడా రోల్స్ రాయిస్ జాతిదే. గోల్కొండ నుంచి చార్మినార్‌కు సొరంగం ఉందంటారు. మీ ఊరి దగ్గరి కోటకు వెళ్లండి, అక్కడి నుంచి కూడా ఇంకేదో ఊరికి ఉంటుంది. గుర్రం మీద వెళ్లేంత వెడల్పు అని కూడా చెబుతారు, అందరూ అదే కొలత.

ఈ రాలిపోవడం ఎక్కడ జరుగుతుందో నాకు బాగా తెలుసు. మనది బిట్ల చదువు. గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు, బ్యాంకులకు తయారయ్యేవాళ్ల చేతుల్లో బిట్ బ్యాంకు పుస్తకాలు నలుగుతుంటాయి. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, ఒక అక్షరం. అక్కడ ‘అయితే’ అనే మాటకు చోటు లేదు. పరీక్ష అయ్యాక ప్రాథమిక కీ వస్తుంది, అభ్యంతరాలు వస్తాయి, తుది కీ వస్తుంది, కొన్నిసార్లు గొడవ కోర్టుకు వెళుతుంది. ఆ అభ్యంతరాలలో చాలావాటిని చూస్తే గొడవ జవాబు తప్పని కాదు, ప్రశ్నలోంచి ఏదో షరతు జారిపోయిందని. ఉదాహరణకు, దేశంలో మాతృభాషగా మాట్లాడేవారి సంఖ్యలో తెలుగు స్థానం ఎంత? 2001 జనాభా లెక్కల్లో 7.40 కోట్లతో మూడోది. 2011 లెక్కల్లో 8.11 కోట్లు. మనవాళ్లు పెరిగారు, స్థానం మాత్రం నాలుగుకు దిగింది, ఎందుకంటే మరాఠీ 8.30 కోట్లకు చేరింది. ఏ సంవత్సరమో చెప్పకుండా అడిగితే ‘మూడు’, ‘నాలుగు’ రెండూ ఒప్పే, రెండూ తప్పే. పాత పుస్తకాలు మాత్రం ఇప్పటికీ మూడు దగ్గరే ఆగి ఉన్నాయి. ఒకప్పటి నిజాలను అబద్ధాలనడానికి నాకు మనసొప్పదు. వాటి మీద తేదీ అచ్చు వేయడం మరిచిపోయారు, అంతే.

మా కాలనీలో వినాయక చవితికి పిల్లలకు క్విజ్ పెడతారు. ప్రశ్నలు రాసే పని నా నెత్తిన పడింది. శుక్రగ్రహం ప్రశ్న ఉండి తీరాలని కమిటీలో ఒకాయన పట్టు. ‘ఏ గ్రహం మీద ఒక రోజు ఒక సంవత్సరం కన్నా పొడుగు?’ సరే అన్నాను. పోటీ రోజున ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి, “ఏ రోజు అంకుల్?” అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. “శుక్రుడు తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225 రోజులు. అలా అయితే జవాబు శుక్రుడే. కానీ రోజు అంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా అనుకుంటే 117 రోజులే కదా?” నేను రెండు మార్కులు ఎక్కువే వేశాను. ఎదుటి జట్టు పిల్లవాడి తండ్రి పుస్తకం తెచ్చి చూపించి, జవాబులో ‘శుక్రుడు’ అని మాత్రమే ఉందని, ఎక్కువ మార్కులు అన్యాయమని వాదించాడు. ఆ వాదన నిమజ్జనం దాకా నడిచింది.

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో అసలు అందం చూడండి. శుక్రుడు మన భూమికి ఎదురు దిశలో, అతి నెమ్మదిగా తిరుగుతాడు. అందుకే అక్కడ నిలబడగలిగితే సూర్యుడు పడమర ఉదయిస్తాడు, ఒక సంవత్సరంలో సుమారు రెండు రోజులు గడుస్తాయి. ‘రోజు సంవత్సరం కన్నా పొడుగు’ అన్న మాట వింతే. ‘పడమర పొద్దు పొడుస్తుంది, ఏడాదికి దాదాపు రెండు తెల్లవారుజాములే’ అన్నది అంతకన్నా వింత, పైగా కళ్ల ముందు కనిపించే వింత.

ఇంతవరకు చెప్పినవాటిలో ఎంతో కొంత గింజ ఉంది. రోల్స్ రాయిస్ చెత్త బండ్ల లాంటివి వదిలేస్తే, ఒకప్పుడు జరిగినదానిలోంచి ముక్కలు రాలి తయారైనవి. గింజ అసలే లేని జాతి ఇంకొకటి ఉంది, మనల్ని పొగిడే జాతి. ‘నాసా శాస్త్రవేత్తల్లో 36 శాతం భారతీయులు.’ ఇది ఈమెయిళ్లలో తిరిగి తిరిగి, 2008లో రాజ్యసభలో ఒక కేంద్ర మంత్రి జవాబులోకే ఎక్కింది. ఆధారం ఏమిటని పత్రికలు ఆరా తీస్తే ఏమీ లేదు. ‘మన జాతీయ గీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమ గీతంగా యునెస్కో ప్రకటించింది.’ యునెస్కో తాను అలాంటి పని చేయలేదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఇలాంటివాటిని ఖండించడం చాలా తేలిక, అందుకే వాటి మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. తెలుగు గురించి తిరిగేవి మాత్రం కొంచెం ఆగి చూడదగ్గవి.

‘తెలుగు మాట్లాడితే శరీరంలోని 72,000 నాడులు చైతన్యం పొందుతాయని శాస్త్రవేత్తలు నిరూపించారు.’ ఏ శాస్త్రవేత్త, ఏ ప్రయోగశాల, నాడులను ఎలా లెక్కించారు అన్నవి ఉండవు. కానీ 72,000 అన్న అంకె గాలిలోంచి రాలేదు. హఠయోగ ప్రదీపికలో శరీరంలోని నాడుల సంఖ్య అదే. యోగ గ్రంథాలు చెప్పే నాడి ప్రాణం ప్రవహించే దారి. దాన్ని వైద్యుడు చూపించే నరంగా మార్చి, తెలుగుకు అంటగట్టి, పైన ‘శాస్త్రవేత్తలు’ అని ముద్ర వేశారు. అసలు గ్రంథంలో తెలుగు ప్రసక్తి లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

‘ప్రపంచంలో రెండో ఉత్తమ లిపి తెలుగు’ అన్నదాంట్లో గింజ ఉంది. 2012 అక్టోబరులో బ్యాంకాక్‌లో లిపుల పోటీ ఒకటి జరిగింది. కొరియన్ లిపి హంగుల్‌కు మొదటి స్థానం, తెలుగుకు రెండోది, ఆంగ్ల లిపికి మూడోది వచ్చాయని కొరియా పత్రికలు రాశాయి. ఆ పోటీని ముందుండి నడిపించింది కొరియన్లే. ఈ చివరి వాక్యం మన దాకా వచ్చేసరికి మాయమైంది. ఎవరు పెట్టిన పోటీయో చెప్పకుండా రెండో బహుమతి గురించి చెప్పుకోవడం నాకైతే చిన్నతనంగా అనిపిస్తుంది. మన గుండ్రటి అక్షరాలకు ఆ పతకం అవసరమా?

‘ప్రతి మాటా అచ్చుతో ముగిసే భాష ప్రపంచంలో తెలుగు ఒక్కటే’ అన్నది మరీ తొందరపాటు. హవాయి భాషలో, న్యూజీలాండ్ మావోరీలో ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, ఆ నియమం వాళ్ల దగ్గర మనకన్నా గట్టిది. మన పద్యాల్లో ‘చేసెన్’, ‘వచ్చెన్’ అని ద్రుతం పలుకుతూనే ఉన్నాం కదా. ఇప్పుడు కంప్యూటర్, టికెట్ అని హల్లుతో ఆపేస్తున్నాం. ‘బస్’ను బస్సు, ‘కార్’ను కారు చేసుకున్న అలవాటు మన భాషకు ఉంది, దాన్ని చూసి ముచ్చటపడొచ్చు. ‘ఒక్కటే’ అన్న మాట చేర్చగానే ఆ ముచ్చట గొప్పలుగా మారిపోతుంది.

ఇక్కడి దాకా చదివి, అబద్ధాలను బయటపెట్టేవాళ్ల పక్షాన నేను జెండా పట్టుకున్నానని అనుకుంటే పొరపాటు. వాళ్లతోనే నాకు పెద్ద తగాదా. వింత కన్నా వేగంగా పాకేది వింతకు చేసిన దిద్దుబాటు. వినేవాడికి అందులో రెట్టింపు ఆనందం ఉంది: విషయం తెలిసిందన్న ఆనందం, నలుగురికీ తెలియనిది తనకు తెలిసిందన్న ఆనందం. అందుకే దాన్ని ఎవరూ పరీక్షించరు.

పాలకూర సంగతి తీసుకోండి. పాలకూరలో ఇనుము దండిగా ఉంటుంది, తింటే రక్తం పడుతుంది అని మన ఇళ్లలో చెప్పే మాటే. దీనికి తెలివైనవాళ్లు చెప్పే దిద్దుబాటు ఇలా ఉంటుంది: ‘పంతొమ్మిదో శతాబ్దంలో ఒక జర్మన్ శాస్త్రవేత్త దశాంశ బిందువును తప్పు చోట పెట్టాడు. దానితో ఇనుము పది రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆ పొరపాటును నమ్మి పొపాయ్ బొమ్మల కథలో నావికుడి చేత పాలకూర తినిపించారు. ప్రపంచమంతా మోసపోయింది.’ ఎంత చక్కగా ఉందో. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో టి. జె. హాంబ్లిన్ అనే వైద్యుడు దీన్ని రాసినప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లోకి, పరిశోధన వ్యాసాల్లోకి పాకింది. శాస్త్రంలో జాగ్రత్త ఎంత అవసరమో చెప్పడానికి అందరూ దీన్నే ఎత్తుకున్నారు.

2010లో మైక్ సటన్ అనే బ్రిటిష్ నేరశాస్త్ర అధ్యాపకుడు ఆ దశాంశ బిందువు కోసం పాత కాగితాలన్నీ వెతికాడు. దొరకలేదు. హాంబ్లిన్ తన మాటకు ఆధారం ఇవ్వలేదు, ఆయన తరువాతివాళ్లు ఆయననే ఆధారంగా చూపించారు. పొపాయ్ విషయం మరీ విచిత్రం: 1932 నాటి ఒక స్ట్రిప్‌లో పాలకూరలో విటమిన్ ఏ ఉందని తింటున్నట్టు అతనే చెబుతాడు. ఇనుము ఊసు లేదు. 2014లో నార్వే పరిశోధకుడు ఓలె బ్యోర్న్ రెక్డాల్, పరిశోధకులే మూలం చూడకుండా ఒకరినొకరు ఉటంకించుకుంటూ పుకార్లను ఎలా పెంచుతారో చెప్పడానికి ఈ పాలకూర కథనే ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశాడు. జాగ్రత్త గురించి పాఠం చెప్పే కథను ఎవరూ జాగ్రత్తగా చూడలేదు.

ఇంతకీ పాలకూరలో ఇనుము ఉందా? ఉంది. వంద గ్రాముల పచ్చి ఆకులో రెండున్నర, మూడు మిల్లీగ్రాముల మధ్య. ఆకులో తొంభై శాతానికి పైగా నీరే కాబట్టి, ఎండబెట్టి తూకం వేస్తే అంకె దాదాపు పది రెట్లు అవుతుంది. పచ్చి ఆకు లెక్కా ఎండు ఆకు లెక్కా కలగాపులగం చేస్తే దశాంశ బిందువు జరగకుండానే గందరగోళం పుడుతుంది. అసలు చిక్కు పరిమాణంలో లేదు. ఆకులోని ఆక్సలేట్లు, పాలీఫినాల్స్ వంటివి అడ్డుపడడం వల్ల, ఆ ఇనుములో మన ఒంటికి పట్టేది కొద్దిగానే. సి విటమిన్ తోడైతే కొంత నయం, కనుక పాలకూర పప్పు మీద నిమ్మరసం పిండుకోవడంలో అర్థముంది. అమ్మ చెప్పింది పూర్తిగా నిజం కాదు, అమ్మ చెప్పింది తప్పని నవ్వినవాడు చెప్పిన కారణం పూర్తిగా కల్పితం.

సాలీళ్ల కథ ఇంకా ముదురు. ‘మనిషి నిద్రలో ఏడాదికి ఎనిమిది సాలీళ్లను మింగుతాడు’ అన్నది వట్టి మాట. పడుకున్న మనిషి శ్వాస, గుండె చప్పుడు సాలీడుకు భూకంపంతో సమానం, అది దగ్గరికి రాదు. అయితే ఈ మాట ఎలా పుట్టింది? పుకార్లను పరీక్షించే స్నోప్స్ అనే వెబ్‌సైట్ వివరణ ఇచ్చింది: 1993లో లీసా హోల్స్ట్ అనే కాలమ్ రచయిత్రి, జనం దేన్నైనా నమ్ముతారని నిరూపించడానికి కావాలనే దీన్ని ఒక కంప్యూటర్ పత్రికలో రాసిందట. వివరణ ఎంత బాగుందంటే పెద్ద పత్రికలు కూడా వాడుకున్నాయి. ఆ వ్యాసం ఎక్కడుందని వెతికినవాళ్లకు దొరకలేదు. తరువాత ఎవరో గమనించారు: లీసా బిర్గిట్ హోల్స్ట్ అన్న పూర్తి పేరులోని ఇంగ్లీషు అక్షరాలను తారుమారు చేస్తే ‘ఇది పెద్ద బూటకం’ అన్న అర్థం వచ్చే వాక్యం సరిగ్గా కుదురుతుంది.

చైనా గోడ చంద్రుడి మీది నుంచి కనిపిస్తుందన్న మాట తప్పని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2003లో చైనా తొలి వ్యోమగామి యాంగ్ లీవెయ్ తనకు కనిపించలేదని చెప్పాడు. తెలియనిది దాని వయసు. విలియం స్టూక్లీ అనే ఆంగ్లేయుడు 1754లోనే ఆ గోడ చంద్రుడి నుంచి కనిపించవచ్చని ఒక ఉత్తరంలో రాశాడు. చంద్రుడి మీదికి మనిషి వెళ్లడానికి రెండు వందల ఏళ్లకు పైగా ముందు! ‘కనిపించవచ్చు’ అన్న ఊహలోంచి ‘వచ్చు’ రాలి, ‘కనిపిస్తుంది’ మిగిలింది.

‘సరదాకు చెప్పుకునేవాటికి ఇంత తవ్వకం ఎందుకు’ అని నా మిత్రులు విసుక్కుంటారు. ప్రతి ముచ్చటకూ కోర్టు కాగితాలు అడిగేవాడితో టీ తాగడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ తవ్వితే సరదా చచ్చిపోతుందన్న వాదన నాకు మింగుడుపడదు. ఆస్ట్రేలియాలో వాంబాట్ అనే జంతువు ఉంది. దాని పెంట ఘనాకారంలో, పాచికల్లా ఉంటుంది. ఇది అక్షరాలా నిజం. పిల్లలు పడి పడి నవ్వే విషయం. మెత్తటి పేగులోంచి మూలలున్న వస్తువు ఎలా వస్తుంది? దాని పేగు చివరి భాగంలో గోడ అంతటా ఒకే బిగువుతో ఉండదు, కొన్ని చోట్ల గట్టిగా, కొన్ని చోట్ల సాగుతూ ఉంటుంది. ఆ తేడాతో ముడుచుకున్నప్పుడు పదార్థానికి అంచులు ఏర్పడతాయి. దీన్ని కనిపెట్టిన బృందానికి 2019లో, ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కారణం తెలిశాక నవ్వు తగ్గిందా? నాకైతే పెరిగింది. క్లియోపాత్రా కాలం గిజా పెద్ద పిరమిడ్ కట్టిన కాలం కన్నా మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన కాలానికే దగ్గర అన్నదీ అంతే. క్రీస్తుపూర్వం 2560 ప్రాంతం, క్రీస్తుపూర్వం 30, క్రీస్తుశకం 1969 అని మూడు అంకెలు పక్కపక్కన రాసి తీసివేత చేయండి, మాట నిలబడుతుంది. ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది మాత్రం ఇంకా తేలనిది. 1963లో టాంజానియాలో ఎరాస్టో ఎంపెంబా అనే బడి పిల్లవాడు ఐస్‌క్రీమ్ చేస్తూ, మరిగించిన పాలను చల్లారనివ్వకుండా అలాగే ఫ్రిజ్‌లో పెట్టాడు. మరిగించకుండానే పెట్టిన తోటి పిల్లవాడి పాల కన్నా అతనివే ముందు గడ్డకట్టాయి. ఉపాధ్యాయుణ్ణి అడిగితే, నువ్వు గందరగోళపడ్డావని అన్నాడు. అతను ఊరుకోలేదు. పైతరగతిలో మరో ఉపాధ్యాయుణ్ణి మళ్లీ అడిగితే, అది ఎంపెంబా భౌతికశాస్త్రమే తప్ప లోకంలోని భౌతికశాస్త్రం కాదని వెక్కిరించాడు. తరగతి అంతా ఆ మాటను ఊతపదం చేసుకుంది. ఒకసారి ఉపన్యాసానికి వచ్చిన డెనిస్ ఆస్బోర్న్ అనే ప్రొఫెసర్‌ను అందరి ముందూ అదే ప్రశ్న అడిగాడు, పిల్లలు మళ్లీ నవ్వారు. ఆస్బోర్న్ మాత్రం తిరిగి వెళ్లి ప్రయోగం చేయించాడు. 1969లో ఇద్దరి పేరునా వ్యాసం వచ్చింది.

అప్పటి నుంచి ‘చల్లటి నీటి కన్నా వేడి నీరు ముందు గడ్డకడుతుంది’ అన్నది వింతల పుస్తకాల్లో స్థిరపడింది. మళ్లీ అదే వరస: ‘కొన్నిసార్లు’ అన్న మాట పోయింది. 2016లో బర్రిడ్జ్, లిండెన్ అనే ఇద్దరు జాగ్రత్తగా కొలిచి, అలాంటి ప్రభావానికి నమ్మదగ్గ ఆధారం తమకు కనిపించలేదన్నారు. థర్మామీటరును ఒక సెంటీమీటరు పైకో కిందికో పెడితేనే ఫలితం తారుమారు కావచ్చని చూపారు. ‘ముందు గడ్డకట్టడం’ అంటే మొదటి మంచు పలుకు కనిపించడమా, అంతా గట్టిపడడమా, సున్నా డిగ్రీలకు చేరడమా అన్నదాని మీదే ఒప్పందం లేదు. ఆవిరై పోయే నీరు, పాత్ర కింద కరిగే మంచు, నీటిలో కరిగిన వాయువులు అని కారణాలు చెప్పేవాళ్లు ఇంకా చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు ఎంపెంబాను వెక్కిరించిన ఉపాధ్యాయుడు చెప్పింది ఒప్పా? నేను అలా అనను. ప్రయోగం చేసి చూసి కాదంటే అది వేరే మాట. ఆయన చూడకుండానే కాదన్నాడు.

ఈసారి కాలనీ క్విజ్‌లో ఈ ప్రశ్న పెట్టాను. నాలుగు జవాబుల్లో నాలుగోది ‘ఇంకా తేలలేదు’. కమిటీవాళ్లు కాగితం చూసి, కీలో అలా రాస్తే తల్లిదండ్రులు ఒప్పుకోరని, ప్రశ్న మార్చమని అడిగారు. నేను మార్చనన్నాను. శుక్రుడి ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి, పోటీకి పేరిచ్చిందట.